రెండు ఇనుపకర్ర చెట్లు

(ప్రసంగ పాఠము)

నా మేనల్లుడొకడు అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమున నివసించుచున్నాడు. వాడు పుట్టినదియు, పెరిగినదియు, చదివినదియు మా కావలిలోనే. ఉద్యోగరీత్యా అచ్చటికి పోయి ఇప్పటికి పదునాలుగేండ్లయినది. వాని యింటి వెనుక ఒక చిన్న వాగును, దానికి ఇరుప్రక్కల కొంత అడవియు ఉన్నవి. ఒక సెప్టెంబరు మాసమున వాడు నాకు ఫోనులో నాలుగు ఫొటోలు పంపి, వానితోపాటు ఒక ప్రశ్న వేసెను.

"మామయ్యా, మా యింటి వెనక పెద్ద చెట్ల నీడలో ఈ చిన్న చెట్టొకటుంది. ఇక్కడివాళ్లు దీన్ని ఐరన్‌వుడ్ అంటున్నారు. అంటే ఇనుపకర్రే గదా! మన అల్లిచెట్టును కూడా ఇంగ్లీషు పుస్తకాల్లో ఐరన్‌వుడ్ అనే రాశారు. అమ్మమ్మ చెప్పేదే, ఆ అల్లిచెట్టు ఇదేనా?"

ఈ ప్రశ్న నన్ను కొంత కలవరపెట్టెను. మా తల్లిగారు తాము చిన్నతనమున సముద్రపు దారిలో అల్లిపండ్లు కోసికొని తిని, నాలుకలు నల్లచేసికొని ఇల్లు చేరిన ముచ్చట మనుమలకు చెప్పుచుండెడివారు. ఆ ముచ్చట నేనును పలుమార్లు విన్నాను. కాని ఆ చెట్టును నేను ఎన్నడైన చూచితినా? చూచినను ఇది అల్లియని చెప్పగలనా? నేను ముప్పదియేండ్లు పిల్లలకు వృక్షశాస్త్రము చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. అయినను మా ఊరి చెట్టు పేరే గాని రూపము నెరుగను. మేనల్లుడు పంపిన అమెరికా చెట్టును గుర్తించుటకు నాకు రెండు దినములు చాలినవి. మా ఊరి చెట్టును గుర్తించుటకు ఆరునెలలు పట్టెను. ఆ రెండు సంగతులును నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా పేరు మాట. ఇనుపకర్ర యనునది ఒక గుణమునుబట్టి పెట్టిన పేరు. గొడ్డలికి సులభముగ లొంగని కర్ర ఏ దేశమున కనబడినను అచ్చటివారు దానిని ఇనుముతో పోల్చిరి. నాగకేసరమును సింహళపు ఇనుపకర్ర యందురు. దాని శాస్త్రనామమైన మెసువా ఫెర్రియాలో రెండవమాటకు అర్థము ఇనుప అనియే. ఇట్లు ఇనుపకర్ర యను పేరుగల చెట్లు లోకమున పెక్కు కలవు. వానికి ఒకదానితో నొకటికి బంధుత్వ ముండవలెనను నియమము లేదు.

తెలుగు పేర్లును ఇంతే. అల్లి యనగానే కొందరికి చెరువులోని అల్లితామర తోచును. కొందరికి అల్లనేరేడు తోచును. ఒకటి నీటిలోని పూవు. రెండవది పెద్దదిగ పెరుగు నేరేడు. మూడవదియైన అల్లిచెట్టు గట్టికర్రగల పొట్టిచెట్టు. నేరేడునకును అల్లికిని ఏదో దూరపు చుట్టరికము కలదు గాని, అల్లితామరకు ఆ పాటి సంబంధమును లేదు. కావున పేరు చేతబట్టుకొని చెట్టును వెదకుట కంటె, చెట్టును చక్కగ పరిశీలించి పిమ్మట పేరును వెదకుట మేలు.

నేను మేనల్లునకు వెంటనే జవాబీయక, నాలుగు ప్రశ్నలు వ్రాసి పంపితిని. మొదటిది: రెమ్మమీద ఆకులు ఎదురెదురుగ జంటలై యున్నవా, లేక ఒకటి ఈ ప్రక్కను, ఒకటి ఆ ప్రక్కను మారిమారి యున్నవా? రెండవది: ఆకు అంచు నునుపుగ నున్నదా, రంపపు పండ్లవలె నున్నదా? దాని ఈనెలు ఎట్లు సాగినవి? మూడవది: మాను బెరడు ఎట్లున్నది? కంటితో చూచుట చాలదు, చేతితో తడిమి చెప్పుము. నాలుగవది: కాయలున్నవా? ఉన్నచో వానిని ఏమి అంటిపెట్టుకొని యున్నది?

మరునాడే జవాబు వచ్చెను. ఆకులు మారిమారి యున్నవి. పొడవు రెండు మూడంగుళములు. అంచున రంపపు పండ్లు, పెద్దపంటి ప్రక్కన మరల చిన్నపండ్లు. నడిమి ఈనెనుండి ప్రక్క ఈనెలు తిన్నగ, సమదూరముగ, చేనిలో చాళ్లు తోలినట్లు అంచువరకు పోయినవి. బెరడు పలుచన, నునుపు, నీలము కలసిన బూడిదవన్నె. "కాని మాను గుండ్రంగా లేదు మామయ్యా! కసరత్తు చేసిన వస్తాదు ముంజేయిలాగా మెలికలు తిరిగి కండలు తేలి ఉంది" అని వ్రాసెను. రెమ్మల కొనలనుండి కాయలగుత్తులు వ్రేలాడుచున్నవి. ఒక్కొక్క చిన్న గింజకు మూడుపాయలుగ చీలిన ఆకువంటి రేకు ఒకటి అంటియున్నది.

వస్తాదు ముంజేయి అను మాటతోడనే నాకు సగము సందేహము తీరెను. అమెరికాలోని పల్లెవారును ఈ చెట్టును కండలచెట్టు అను అర్థము వచ్చు పేరుతోనే పిలుతురు. మూడుపాయల రేకుతో మిగిలిన సగము తీరెను. దాని శాస్త్రనామము కార్పినస్ కరోలినియానా. 1788వ సంవత్సరమున థామస్ వాల్టర్ అను నతడు కరోలినా ప్రాంతపు మొక్కలనుగూర్చి వ్రాసిన గ్రంథములో దీనికి ఈ పేరు పెట్టెను. సామాన్యముగ ఇరువది ముప్పది అడుగులకు మించదు. పెద్దచెట్ల నీడను, వాగుల ఒడ్డులను, తేమనేలలను కోరుకొనును. మెల్లగ పెరుగును. కర్ర బరువైనది, గట్టిది, పనిముట్ల పిడులకును, కొయ్యసుత్తెలకును వాడెడివారు.

అయినను ఆ అడవులలో దీనిని పోలినవి మరి రెండు కలవు. ఒకటి బీచి చెట్టు. దాని బెరడును బూడిదవన్నె నునుపే. కాని దాని ఆకు అంచున ఒక్కొక్క ఈనెకు ఒక్కొక్క పన్నే యుండును, చిన్నపండ్లు ఉండవు. మొగ్గలు సన్నగ, పొడవుగ, మొనదేలి యుండును. రెండవది ఆస్ట్రియా వర్జీనియానా. ఇది కార్పినసునకు సొంత దాయాది. దీనిని కూడ అచ్చట ఐరన్‌వుడ్ అనియే యందురు. ఆకులు చూచి ఈ రెంటిని వేరుచేయుట పండితులకును కష్టమే. బెరడు చూచినచో బాలుడైనను చెప్పగలడు. కార్పినసు బెరడు నునుపు. ఆస్ట్రియా బెరడు సన్నని పేలికలుగ లేచి, ఊడిపోవుచున్నట్లుండును. కాయలలోను భేదము కలదు. ఆస్ట్రియా గింజ పలుచని కాగితపు సంచివంటి తొడుగులో దాగియుండును. కార్పినసు గింజ ఆకురేకుమీద బయటికి కనబడుచుండును.

ఈ రెండు చెట్లును భూర్జకుటుంబమునకు చెందినవి. భూర్జమనగానే మనవారికి భూర్జపత్రము జ్ఞప్తికి వచ్చును. హిమాలయములపై పదివేల అడుగులకు ఎగువన ఈ భూర్జవృక్షము పెరుగును. దాని బెరడు పొరలుపొరలుగ ఊడివచ్చును. ఆ పొరలపై మనవారు గ్రంథములు వ్రాసిరి. కాళిదాసు కుమారసంభవములో హిమవంతుని వర్ణించునపుడు విద్యాధరస్త్రీలు ప్రేమలేఖలు వ్రాయుటకు భూర్జపు బెరడు నుపయోగింతురని చెప్పియున్నాడు. 1881వ సంవత్సరమున పెషావరునకు సమీపమున బక్షాలీయను గ్రామములో దొరికిన గణితగ్రంథము భూర్జపత్రములపై వ్రాసినదే. అందు శూన్యమును ఒక చుక్కగా వ్రాసియున్నారు. దక్షిణాదివారమైన మనకు భూర్జము లేదు, తాటాకు కలదు. అందుచే మన పూర్వుల గ్రంథములు తాళపత్రములపై నిలిచినవి.

కార్పినసు బంధువులు హిమాలయముల నడిమి ఎత్తులందును కలరు. మన తెలుగుదేశపు మైదానములలో మాత్రము భూర్జకుటుంబపు చెట్టు సహజముగ పెరుగునది ఒకటియు లేదు. అయితే ఒక వింత వినుడు. ఆ కుటుంబమునకు మిక్కిలి దగ్గరి చుట్టము ఒకటి మా కావలి తీరమున వేలకొలదిగ నిలిచియున్నది. అది సరుగుడు. సూదులవలె కనబడునవి దాని ఆకులు కావు, పచ్చని రెమ్మలు. నిజమైన ఆకులు ఆ రెమ్మల కణుపులవద్ద చుట్టును చిన్నపండ్లవలె నుండును. చూపులకు ఏ పోలికయు లేదు. అయినను శాస్త్రజ్ఞులు పూవులను, గింజలను, కణములలోని వంశలక్షణములను పరిశీలించి ఈ బంధుత్వమును నిర్ణయించిరి. రెంటి పూవులకును వన్నె లేదు, తేనె లేదు. పుప్పొడిని మోయునది గాలి.

ఈ సంగతులన్నియు వ్రాసి, "నాయనా, నీ ఇంటి వెనుకనున్నది అమ్మమ్మ చెప్పిన అల్లి కాదు" అని ముగించితిని. వాడు సంతోషించెను. కాని ఊరకుండలేదు. "అయితే మన అల్లి ఎట్లా ఉంటుంది? ఒక ఫొటో తీసి పంపండి" అనెను. అప్పుడు నా పరీక్ష మొదలైనది.

ఆశ్వయుజమాసమున, తీరపు వానలు ఇంకను పట్టకమునుపు, ఒక ఉదయము కావలినుండి తుమ్మలపెంట దారిన బయలుదేరితిని. ఆ దారి మా తల్లిగారి మాటలలోని దారియే. కాని ఆమె చెప్పిన పొదలు, తోపులు ఎచ్చట? కొంతదూరము సరుగుడు తోటలు, కొంతదూరము రొయ్యలగుంటలు. ఆగి ఇద్దరు ముగ్గురిని అడిగితిని. అల్లి యనగా చెరువులోని పూవా యని అడిగినవారే గాని చెట్టును చూపినవారు లేరు. తుదకు ఒక గుంట గట్టుమీద కాపలాయున్న వృద్ధుడు కనబడెను. యానాదులలో పెద్ద. ఎనుబదియేండ్లు పైబడియుండును.

"పెద్దాయనా, ఈ పక్కల అల్లిచెట్టు ఎక్కడైనా ఉందా?" అంటిని.

"పండుకా అయ్యా, కట్టెకా?" అని ఆయన అడిగెను.

"రెండింటికీ కాదు. చూసేదానికి."

ఆయన నావంక కొంతసేపు చూచి, "చూసేదానికని వచ్చినోళ్లు ఇంతవరకు ఎవురూ లేరయ్యా. రండి, చూపిస్తా" అని కర్ర తీసికొని ముందు నడచెను.

అర్ధక్రోశము నడచిన పిమ్మట ఇసుకదిబ్బ ప్రక్కన ఒక గ్రామదేవత గుడి వచ్చెను. గుడి వెనుక పావు ఎకరమునకు మించని చిన్న తోపు. అందు పాలచెట్లు రెండు, నేరేడు ఒకటి, వాని క్రింద బలుసుపొదలు, తీగలు. వాని నడుమ మూడు అల్లిచెట్లు ఉండెడివి. ఉండెడివని ఏల యనుచున్నాననగా, నేను పోవునప్పటికి మూడవదానిని నరికి పదిదినములు కూడ కాలేదు. గుడికి ప్రహరీగోడ కట్ట తలపెట్టి, గోడ వరుసకు అడ్డముగ నున్నదని నరికిరట. మిగిలిన రెంటికిని సున్నపు గుర్తులు పెట్టియున్నారు. "దీన్ని కొట్టేదానికి గొడ్డలి రెండుసార్లు సానపట్టుకున్నారయ్యా" అని వృద్ధుడు చెప్పెను.

వృద్ధుడు అల్లి యని చెప్పెను. ఆయన మాటమీద నాకు నమ్మకము కలదు. అయినను మేనల్లునకు వేసిన నాలుగు ప్రశ్నలే నాకు నేను వేసికొంటిని.

ఆకులు ఎదురెదురుగ జంటలై యున్నవి. ఈ ఒక్క లక్షణముతోనే కార్పినసునకును దీనికిని తెగతెంపులైనవి. ఆకు రెండు మూడంగుళముల పొడవు, దళసరి, తోలువలె బిరుసు, పైన నిగనిగ. అంచున ఒక పన్నైనను లేదు. నడిమి ఈనె తప్ప ప్రక్క ఈనెలు దాదాపు కానరావు. కాడ మిక్కిలి పొట్టి. బెరడు బూడిదవన్నె, సన్నని చీలికలతో కొంచెము గరుకు. పూవులు గాని పండ్లు గాని ఆనాడు లేవు. కాని ముదురు రెమ్మలపై ఆకులు రాలిన కణుపులవద్ద చిన్న బుడిపెలు కనబడినవి. పూగుత్తులు పుట్టునది అచ్చటనే.

దీనిని పోలిన చెట్లు తీరపు తోపులలో కలవు. వానిని వేరుచేయుట ఎట్లో చెప్పెదను. నేరేడునకును ఆకులు ఎదురెదురుగ నుండును. కాని నేరేడు ఆకును నలిపి వాసన చూచిన ఘాటుగ నుండును. అంచుకు సమీపమున చుట్టును ఒక సన్నని ఈనె పోవును. అల్లి ఆకును నలిపిన అట్టి వాసన రాదు. పాలచెట్టు ఆకు త్రుంపిన తెల్లని పాలు కారును. ఆకుకొన లోపలికి నొక్కినట్లుండును, ఆకులు రెమ్మకొనలయందు గుంపుగూడియుండును. బలుసునకు జంటముండ్లు కలవు. అల్లికి పాలు లేవు, ముండ్లు లేవు. ఇన్ని లేవులు చూచుకొన్న పిమ్మటనే ఉన్నదేమో తేలును.

ఇంకొక చిన్న సాక్ష్యము నేలమీద దొరికెను. నరికిన చెట్టు కొమ్మలు అచ్చటనే పడియున్నవి. ఇతరచెట్ల ఆకులు ఎండి గోధుమవన్నె తిరిగినవి. అల్లి ఆకులు మాత్రము పసుపు కలసిన ఆకుపచ్చగ నుండెను. దీనికి కారణము కలదు. ఈ చెట్టు నేలలోని అల్యూమినియమును వేళ్లతో పీల్చి ఆకులలో కూడబెట్టుకొనును. పటికలో నుండునదియు ఆ లోహమే. బట్టకు రంగు గట్టిగ పట్టవలెనన్న పటికవంటి పదార్థము తోడుండవలెనని అద్దకమువారికి తెలియును. అందుచేతనే కోరమండల తీరపు అద్దకమువారు చిరివేరుతో ఎర్రరంగు వేయునపుడు అల్లి ఆకును చేర్చెడివారు. అల్లి ఆకునుండి వచ్చు పసుపురంగును చాపలకు వేసెడివారు. చిరివేరు ఈ తీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్నమొక్క. ఆ వేరును, ఈ ఆకును కలసి పట్టించిన ఎరుపు ఓడలమీద దేశదేశములకు పోయెను.

ఆ సాయంకాలము గుడిపెద్దలను కలిసికొంటిని. గోడ వలదని చెప్పుటకు నాకధికారము లేదు, చెప్పను లేదు. "ఇవి రెండును అల్లిచెట్లని నా నమ్మకము. పూవు చూచిన గాని రూఢిగ చెప్పలేను. ఉగాది దాటువరకు ఆగుడు" అని వేడుకొంటిని. వారిలో ఒకరు నవ్వి, "అయ్యవారూ, అవి పిచ్చిచెట్లు. నీడకు చాలవు, దూలానికి రావు" అనిరి. వారి మాటలో తప్పులేదు. ఎత్తు పదునెనిమిది అడుగులు లేని చెట్టు దూలమునకెట్లు వచ్చును? అప్పుడు వృద్ధుడు కల్పించుకొని, "1989 గాలివానకు ముందే ఇవి ఇంతే ఉన్నాయయ్యా" అనెను. ఆ సంవత్సరము నవంబరులో వచ్చిన గాలివాన కావలివద్దనే తీరము దాటినది. దానిని మరచినవారు మా ఊర లేరు. పెద్దలు కొంతసేపు మౌనముగ నుండి, ఉగాదివరకు పని ఆపుటకు ఒప్పుకొనిరి.

ఉగాది వెళ్లిన తొమ్మిదవనాడు వృద్ధుడు మనుమనిచేత ఫోను చేయించెను. నేను పోయి చూచితిని. ఆకులు రాలిన కణుపులన్నింటిని చుట్టుకొని నీలపుపూలు గుత్తులుగ పూచియున్నవి. కొమ్మలకు నీలిదారము చుట్టినట్లుండెను. పూవు మిక్కిలి చిన్నది. నాలుగు రేకులు, ఎనిమిది కేసరములు. తేనెటీగలు మూగియున్నవి. భూర్జకుటుంబపు చెట్లు గాలిని నమ్ముకొన్నవని చెప్పితిని. ఈ చెట్టు ఈగలను నమ్ముకొని రంగు ధరించినది. ఇంక నాకు సందేహము లేదు. పూవుల తరువాత బఠాణిగింజంత కాయలు కాచును. అవి పండి నల్లబడును. కొనయందు చిన్న కిరీటమువంటి అంచు మిగిలియుండును. లోపల గింజ ఒక్కటే. మా తల్లిగారి నాలుకను నల్లచేసినది ఆ పండే.

ఈ చెట్టును శాస్త్రలోకమునకు చక్కగ పరిచయము చేసినవారిలో విలియం రాక్స్‌బరో ఒకడు. అతడు 1781 మొదలుకొని చాలయేండ్లు సామర్లకోటలో నుండి, మన తీరపు మొక్కలకు మనదేశపు చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. అవి కోరమండల తీరపు మొక్కలు అను గ్రంథముగ లండనులో మూడు సంపుటములై వెలువడినవి. అందు అల్లికి మెమిసిలాన్ ఎడ్యూల్ అని పేరు పెట్టెను. ఎడ్యూల్ అనగా తినదగినదని అర్థము. నేటి గ్రంథములలో పెక్కింట ఇది మెమిసిలాన్ అంబెల్లేటమ్ అను పేరున కనబడును. శాస్త్రనామములు మారినను రాక్స్‌బరో తెలుగువారివద్ద విని వ్రాసికొన్న అల్లి యను పేరు మాత్రము అట్లే నిలిచియున్నది.

అల్లి ఒంటరిగ బ్రతుకు చెట్టు కాదు. కోరమండల తీరమున ఒక విశేషమైన అడవి కలదు. వాన ముఖ్యముగ అక్టోబరునుండి డిసెంబరువరకు కురిసి, మిగిలిన కాలమున ఎండ మండిపోవుచున్నను ఆ అడవి ఆకురాల్చక ఏడాదిపొడవున పచ్చగ నుండును. ఆకులు తోలువలె దళసరిగ నుండుట అందుకొరకే. పైన పాల, నేరేడు, క్రింద అల్లి, బలుసు, వానిపై తీగలు. ఈ అడవి పెద్దయెత్తున మిగిలియున్న చోటు శ్రీహరికోట. ఒకప్పుడు ఆ దీవినుండి మద్రాసు పట్టణమునకు వంటచెరకు పోవుచుండెడిది. 1969లో రాకెట్టు కేంద్రమునకై ఆ దీవిని ఎన్నుకొనిరి. 1971లో అచ్చటినుండి మొదటి రాకెట్టు ఎగిరెను. అడవి నరకుట తగ్గినది. నెల్లూరు జిల్లాలో నుండిన ఆ ప్రాంతము 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. మిగిలినచోట్ల ఈ అడవి తునకలు తునకలై గుడితోపులలోను, దిబ్బల మూలలలోను దాగియున్నది.

సరుగుడు చెట్టుమీద నాకు కోపము లేదు. అది ఇసుకనేలలో రైతుకు కూడుపెట్టుచున్నది, సముద్రపుగాలి కడ్డము నిలుచుచున్నది. నాలుగైదేండ్లకు కోతకు వచ్చును, మరల నాటుదురు. కాని అల్లిని నాటువా రెవరు? ముప్పదియేండ్లకు పదునెనిమిది అడుగులు పెరగని చెట్టుకు బజారులో వెలలేదు. పెద్దచెట్టు కూలిన ఊరందరికి తెలియును. నీడన పెరుగు పొట్టిచెట్టు పోయిన ఎవరికిని తెలియదు. పేరుకూడ తెలియనిచో పోయినదని చెప్పుటకైనను మాట యుండదు. గుడిపెద్దలు పిచ్చిచెట్లనిన మాటకు అర్థము ఇదియే. పేరెరుగని ప్రతిచెట్టును మన ఊళ్లలో పిచ్చిచెట్టే.

కనుక శ్రోతలకు ఒక చిన్న విన్నపము. మీ ఊరిలో, మీ పొలముగట్టున, మీ గుడివెనుక పేరు తెలియని చెట్టొకటి తప్పక యుండును. దానిని ఒక ఏడాదిపాటు చూడుడు. ఆకులు ఎదురెదురుగనా, మారిమారియా? అంచు ఎట్టిది? త్రుంపిన పాలు కారునా? నలిపిన వాసన యేమి? బెరడు చేతికెట్లు తగులును? ఏ నెలలో పూచును, ఏ నెలలో కాచును? వీనిని పిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయింపుడు. కొమ్మ విరువ నక్కరలేదు, రాలిన ఆకు చాలును. పిమ్మట ఊరిలోని పెద్దవారిని, ముఖ్యముగ అడవిని నమ్ముకొని బ్రతికినవారిని పేరడుగుడు. పుస్తకములలో లేని సంగతులు వారివద్ద దొరకును. ఎరుగని పండును మాత్రము రుచి చూడవలదు.

గుడిగోడ సంగతి చెప్పి ముగించెదను. పెద్దలు గోడను నాలుగుబారలు వెలుపలికి జరిపిరి. రెండు అల్లిచెట్లును ఇప్పుడు ప్రహరీ లోపల నున్నవి. నరికిన మూడవదాని మోడునుండి ఎర్రని చివుళ్లు లేచినవి. అవి చెట్టగునో కాదో నేను చూడబోను. నీలపుపూల ఫొటో మేనల్లునకు పంపితిని. వాడు ఒక్కమాటయే వ్రాసెను: "పండినప్పుడు చెప్పండి మామయ్యా, పిల్లల్ని తీసుకొని వస్తాను."

మా ఊరిపేరు కావలి. అనగా కాపుదల. ఆ రెండు చెట్లకు ఇప్పుడు వృద్ధుని మనుమడు కావలియున్నాడు.